నెమ్మది తూటా

మా చర్చి అంకుల్ పోయిన నెల ప్రభువునందు నిద్రించారు. ఆదివారం ఆరాధనకి బయలుదేరుతుంటే ఆంటీ ఫోన్ చేశారు. "అమ్మాయ్, మీ అంకుల్ వెళ్ళిపోయారే," అన్నారు. కారు తాళాలు పట్టుకుని గరాజ్‌లోనే కూలబడ్డాను.

బాపట్ల వైపు నుంచి అమెరికా వచ్చి, మోరిస్‌విల్ దగ్గర మందుల కంపెనీలో పనిచేసి రిటైరైన మనిషి. ఊరికి దూరంగా కాస్త పొలం కొనుక్కుని టమాటాలు పండించేవారు. పొలం చివర మట్టి దిబ్బకి ముందు ఒక ఇనుప పలక వేలాడదీసి, రైఫిల్‌తో దాన్ని గురి చూసి కొట్టేవారు. "చర్చిలో పెద్దమనిషి అయ్యుండి ఇదేం సరదా అంకుల్?" అని నేను దెప్పితే, "నా టమాటాలు తినేటప్పుడు ఈ ప్రశ్న అడగవేం?" అనేవారు.

నాకు నేర్పిన మొదటి రోజు ఆంటీ ఇంట్లో లేరు. రైఫిల్ మూతికి సైలెన్సర్ బిగించి ఉంది. సినిమాల్లోలా తుస్సుమంటుందని ధీమాగా మోత వినపడకుండా చెవులకి పెట్టుకున్న మఫ్స్ తీసేయబోయాను. "ఆగాగు! అవి తియ్యకూడదమ్మా," అని కసిరి, మామూలు తూటా పెట్టి కాల్పించారు. ఫట్‌మని గాలి చిరిగినట్టయింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"సైలెన్సర్ ఉండి కూడా ఈ మోతేంటి అంకుల్?"

"అది రైఫిల్ మూతి దగ్గర పేలుడు చప్పుడే తగ్గిస్తుందమ్మా. తూటా శబ్దం కన్నా వేగంగా పోతే, దారి పొడుగునా అదే అరుచుకుంటూ పోతుంది. దాని నోరు ఎవరు మూస్తారు?"

తర్వాత ఇంకో డబ్బా తీశారు. శబ్దం కన్నా నెమ్మదిగా వెళ్ళే రకం. అదే రైఫిల్, అదే సైలెన్సర్. ఈసారి చిన్నగా టప్‌మంది, ఆ వెనకే పలక మీద ఠంగ్‌మంది. "ఇది వెళ్ళేసరికి కాస్త కిందకి దిగిపోద్ది. అంచేత మనమే కొంచెం పైకి చూసుకోవాలి," అన్నారు.

ఆ నెమ్మది రకం మీద ఆయనకి ఎందుకంత పట్టుదలో తర్వాత తెలిసింది. ఆంటీకి తల ఆపరేషన్ అయ్యాక పెద్ద చప్పుళ్ళు పడేవి కావు. కుక్కర్ కూతకే వణికిపోయేవారు. రైఫిల్ అమ్మేస్తానన్నారట అంకుల్. ఆంటీ ససేమిరా అన్నారు. ఆవిడకి వరండాలో చిక్కుడుకాయలు వలుచుకుంటూ ఆయన్ని చూస్తూ కూర్చోవాలి. దాంతో ఆయన షాపులో దొరికిన నెమ్మది రకాలన్నీ తెచ్చి, ఒక్కోటి కాల్చి, "ఇదెలా ఉంది?" అని వరండా వైపు తిరిగేవారట. ఆంటీ ముఖం చిట్లిస్తే ఆ డబ్బా పక్కకి వెళ్ళిపోయేది. చివరికి ఒకటి కుదిరింది. అప్పట్నుంచి పలక మోగినప్పుడల్లా ఆంటీ తలెత్తకుండానే "తగిలిందండీ" అనేవారు. ఆ మాట వినపడేదాకా ఆయన రెండోది కాల్చేవారు కాదు. వాళ్ళని చూస్తే నాకు ఎంత కుళ్ళుగా ఉండేదో! మా ఆయన నా మాట వినడానికి ఫోన్ కూడా పక్కన పెట్టడు.

ఒకసారి ఆంటీ తమ్ముడు డాలస్ నుంచి వచ్చి, "సైలెన్సర్ ఉందిగా అక్కా, ఏం కాదు" అంటూ వేగం రకం పెట్టి కాల్చాడు. ఆంటీ చేతిలో గిన్నె జారి కిందపడింది. అంకుల్ రైఫిల్ లోపల పెట్టేసి వచ్చి, వణుకు తగ్గేదాకా ఆవిడ చేతులు పట్టుకుని కూర్చున్నారు.

పోయిన శనివారం ఆంటీ రమ్మన్నారు. రైఫిల్, సైలెన్సర్ అంకుల్, ఆంటీ ఇద్దరి పేరు మీదా ఉన్నాయి కనక ఇంకా ఇంట్లోనే ఉన్నాయి. "ఒక్కసారి కాల్చవే అమ్మాయ్. ఆ పలక మోత విని ఎన్నాళ్ళయిందో," అన్నారు. పొరపాటున వేరే రకం పెడితే ఆవిడ ఏమైపోతారు? డబ్బా మీద అక్షరాలు మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను. ఆయన చెప్పినట్టే కొంచెం పైకి గురి పెట్టాను.

టప్. ఠంగ్.

రైఫిల్ దించి, మఫ్స్ తీసి, వెనక్కి తిరగకుండా ఆయనలాగే ఆ మాట కోసం ఆగాను. నాకు ఏడుపొచ్చేసింది. అప్పుడు వినపడింది.

"తగిలిందండీ."

పొలం చివర పలక ఇంకా ఊగుతూనే ఉంది.