వెనకడుగు వేయని బాలశౌరి

వెనకడుగు వేయడం బాలశౌరి మావకు ఇంటా వంటా లేదు. ఈ మాట నేను చెప్పేది కాదు, ఆయనే చెబుతాడు. టీ కొట్టు దగ్గర, చర్చి మెట్ల మీద, పెళ్లి పందిట్లో, ఎక్కడ నలుగురు దొరికితే అక్కడ చెబుతాడు. పక్కింటివాణ్ణి కాబట్టి ఆ ఖర్మ నాకు అందరికంటే ఎక్కువ పట్టింది.

మాది రెంటచింతల పక్క పల్లె. మావకు మిరప తోట, మోకాళ్ల నొప్పులు, ఒకే ఒక్క కోరిక ఉన్నాయి. చచ్చేలోపు పార్టీ మండల అధ్యక్షుడు కావాలి. అందుకోసమే హైదరాబాదు వెళ్లి పాత ఆటోమేటిక్ కారు కొనుక్కొచ్చాడు. గేర్లు మార్చే పని లేదు కాబట్టి ఒక చెయ్యి స్టీరింగు మీద వేసి, రెండో చెయ్యి కిటికీలోంచి జనానికి ఊపొచ్చు. చూసే జనం లేకపోయినా ఆయన ఊపడం మానలేదు.

సరిగ్గా పెద్ద నాయకుడి రోడ్‌షో రెండు రోజులుందనగా ఆ కారు మొరాయించింది. గురజాల నుంచి వస్తున్న నాయకుడికి పొలిమేరలో ఎదురెళ్లి, ఆయన బండికి ముందు ఎవరి బండి నడిస్తే పదవి వాళ్లదేనని మండలమంతా అనుకుంటోంది. పోటీలో మావ, ఆయనంటే గిట్టని జోజిరెడ్డి మిగిలారు. మాచర్లలో మెకానిక్ సాదిక్ కారు చూసి, "గేరుబాక్సు దించాల బాబాయ్. సామాను తెప్పించాల. వారం పైనే పడుద్ది" అన్నాడు.

"ట్రాక్టరు గేరుబాక్సు విప్పి బిగించినోణ్ణి. ఇదెంత?" అని మావ కారును కుంటించుకుంటూ ఇంటికి తెచ్చాడు.

వాకిట్లో మిరపకాయలు ఎండబోసే పట్టా పరిచి, కారును రాళ్ల మీదికెత్తి, కిందికి దూరాడు. ఫోనులో ఎవరో హిందీలో రిపేరు చూపిస్తున్నాడు. మావకు హిందీ రాదు. చేతులు చూస్తే చాలు, మాటలెందుకన్నాడు. గేరుబాక్సు అడుగు మూత ఊడగానే ఎర్రటి నూనె పట్టా మీదికి కారింది.

ఇన్నాసమ్మ అత్త తొంగి చూసి, "ఇదేందయ్యా, ఇంత ఎర్రగా ఉంది?" అంది.

"మోసం చేశారే. రంగు కలిపి అంటగట్టారు. గేరాయిలు ఎర్రగా ఉంటదా ఏడన్నా?"

ఆటోమేటిక్ బండ్లకు పోసేది ఆ ఎర్రనూనేనని ఫోనులో మనిషి డబ్బా ఎత్తి మరీ చూపిస్తున్నాడు. మావ చూడలేదు. ట్రాక్టరుకు పోసే చిక్కటి నల్లనూనె తెచ్చి నిండా పోశాడు. అంతా బిగించాక పళ్లెంలో ఒక స్ప్రింగు మిగిలింది. అది కంపెనీవాళ్లు స్పేరుగా ఇచ్చిందట.

ముందుకు పోయే గేరు వేస్తే కారు గావుకేకలు పెట్టింది గానీ అంగుళం కదల్లేదు. రివర్సు వేస్తే మాత్రం రయ్యిన వెళ్లి గడ్డివామును గుద్దింది. ఎన్నిసార్లు చూసినా అంతే. మావ ముఖం మాడిపోయింది.

"ఒరే ఫ్రాన్సిసూ, ఇన్నేళ్లు జెండా మోశాను. రేపు జోజిరెడ్డి ముందు పోతంటే నేను గట్టు మీద నిలబడి చూడాలంట్రా?"

అప్పటిదాకా నవ్వు ఆపుకుంటున్న నాకు నిజంగానే జాలేసింది. ఆ జాలే నా కొంప ముంచింది.

మర్నాడు స్టీరింగు ముందు మావ, వెనక సీట్లో దారి చెప్పడానికి నేను, పొలిమేర దాకా రివర్సులోనే పోయాం. కుడికి అంటే ఎవరి కుడి అని తగువు పడి, చివరికి కాలవ వైపు, చేను వైపు అని చెప్పుకున్నాం. అక్కడ పెట్రోలు బంకు చుట్టూ రివర్సులోనే అర చుట్టు తిరిగి, నాయకుడు వచ్చే దిక్కుకు కారు మూతి పెట్టి నిలబడ్డాం. జోజిరెడ్డి కొత్త కారు కూడా అదే దిక్కు చూస్తూ నిలబడి ఉంది.

నాయకుడి బండి రానే వచ్చింది. ఆ జనంలో జోజిరెడ్డి కారు తిప్పుకోలేక అవస్థ పడుతుంటే, తిప్పే పనే లేని మా కారు వెనక్కి నడుస్తూ ముందు దూరింది. ఊళ్లో సభ దాకా మావ నాయకుణ్ణే చూస్తూ చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. దారి చూసి చూసి నా మెడ పట్టేసింది.

సభలో నాయకుడు మావను పక్కన నిలబెట్టుకుని మాట్లాడాడు. "ఎక్కడికి పోయినా ముందు నడిచేవాళ్లంతా నాకు వీపే చూపిస్తారు. ఈ పెద్దాయన నాకు వీపు చూపించలేక, దారంతా ముఖం నా వైపే పెట్టి బండి నడిపాడు. ఇంతకన్నా విధేయత ఏం కావాలి? మండల అధ్యక్షుడు బాలశౌరిగారే. ఇకనుంచి నా ప్రతి రోడ్‌షోకీ ఆయన ఇలాగే ముందుండాలి."

మావ మైకు అందుకుని, వెనకడుగు వేయడం మా ఇంటా వంటా లేదన్నాడు. జనం ఈలలు వేశారు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ మర్నాటి నుంచే జోజిరెడ్డి తన చేలో కొత్త కారును రివర్సులో తోలడం నేర్చుకుంటున్నాడు. వారం పోయాక సామాను వచ్చిందని సాదిక్ ఫోను చేశాడు. "బండి తీసకరా బాబాయ్, ముందుకు పరిగెత్తిస్తా."

మావ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"వద్దురా సాదిక్. ముందుకు పోయిందంటే పదవి పోద్ది."