డొప్ప ఊడిరాని రైలుపెట్టె

కష్టాలు మనిషిని మంచివాణ్ణి చేస్తాయని ఎవరైనా ఉపన్యాసం ఇస్తుంటే నాకు ఒళ్లు మండుతుంది. వాళ్లు కష్టం చూసి ఉండరు. నేను చూశాను. యాభైల మొదట్లో, వానలు వరసగా మొహం చాటేసిన ఏండ్లలో, కడపలో ఒక చేతిపనుల బడిలో చదువుకుంటూ చూశాను. అది నన్ను మంచివాణ్ణి చెయ్యలేదు. ఏం చేసిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మాది ఆదోని వైపు నేత కుటుంబం. ఆ ఏడు నూలు దొరక్క మా నాయన మగ్గం నిలిచిపోయింది. మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చోవలసిన మనిషి, ముంత పట్టుకుని గంజికేంద్రం ముందు వరసలో నిలబడ్డాడు. ఆ సంగతి మా అమ్మ ఎవరిచేతో జాబు రాయించి చెప్పింది. నీకు నౌకరీ అయితే నాయనను ఆ వరసలోనుంచి ఇంటికి తెచ్చుకుందాం అని చివర్లో రాయించింది. మా అమ్మ అంతకుమించి నన్ను ఎప్పుడూ ఏమీ అడగలేదు.

బడిలో నాకు ఒక్కడే స్నేహితుడు. బద్వేలు అవతల మెట్టసేద్యం చేసుకునే రైతు కొడుకు. బావి తవ్వీ తవ్వీ నీళ్లు పడక, చివరికి ఎద్దులు కూడా చేజారిన ఇల్లు వాళ్లది. ఇద్దరం ఒకే గదిలో ఉండి, ఒకే కుండలో సంకటి గెలుక్కుని తినేవాళ్లం. మనిషి పొడుగ్గా, నల్లగా, చేటలంత చేతులతో ఉండేవాడు. ఆ చేతులు చూసి అందరికీ నవ్వు. మా మేస్త్రీ అయితే మొదటిరోజే, "ఏంరా, మడక పట్టే చేతుల్తో ఆకురాయి పడ్తావా?" అన్నాడు, నాగలికీ సన్నపనికీ పొసగదన్నట్టు. నన్ను చూసి మాత్రం, "నేసేటోళ్ల పిల్లోడు, వీనికి పని పుట్టుకతోనే వచ్చింటాది" అన్నాడు. నిజం చెప్పాలంటే ఆ బడిలో నా స్నేహితుడి చెయ్యంత నాజూకైన చెయ్యి ఇంకొకటి లేదు. ఆ నిజం నాకొక్కడికే తెలుసు.

బడిలో రెండు నమూనా రైలుపెట్టెలు ఉండేవి. మూరెడు పొడుగు, ఎర్రరంగు పూసిన రేకు, కిటికీలు, చక్రాలు, చక్రాల మధ్య బ్రేకు కడ్డీలు, అన్నీ అసలు పెట్టెలో ఉన్నట్టే. అసలుదాన్ని బల్ల మీద పెట్టి పాఠం చెప్పలేరు గదా, అందుకని వీటిని పెట్టుకున్నారు. లోపలి పని చూడాలంటే పైడొప్ప తియ్యాలి. ఆ డొప్పకు మరలు లేవు. పక్కల లోపలివైపు నాలుగు చిన్న కొక్కేలుంటాయి, అవి కింది చట్రం అంచును పట్టుకుని ఉంటాయి. రెండు పక్కల్నీ వెంట్రుకవాసి వెడల్పు చేసి, నాలుగు కొక్కేలూ ఒకేసారి వదిలేట్టు పైకి లేపాలి. ఒక మూల లేచి ఇంకో మూల దిగబడిందా, రేకు వంకరపోతుంది. బలవంతం చేస్తే చీలుతుంది.

నేను నెలరోజులు తిప్పలుపడ్డాను. కిటుకు వాడే కనిపెట్టాడు. పాత పోస్టుకార్డును నాలుగు ముక్కలు చేసి, ఒక్కో కొక్కెం దగ్గర ఒక్కో ముక్కను డొప్పకూ చట్రానికీ మధ్య జొనిపేవాడు. కొక్కెం కార్డు మీద జారి పట్టు వదిలేది. తర్వాత రెండు అరచేతుల మధ్య పట్టుకుని ఊపిరి బిగబట్టి లేపితే, డొప్ప చప్పుడు లేకుండా వచ్చేసేది. "అప్పుడే పుట్టిన దూడను లేపినట్టు లేపల్లప్పా. బెదరగూడదు, నడమన ఆగగూడదు" అనేవాడు. నేను అడగకముందే నాకు నేర్పించాడు. నాకు వచ్చేదాకా వదల్లేదు.

దసరాకు ముందు మేస్త్రీ మా ఇద్దర్నీ పిలిచాడు. రైలు వర్క్‌షాపులో ఒక ఖాళీ ఉందట. సెలవులు కాగానే అక్కడినుంచి ఒక ఆఫీసరు వస్తాడు. ఆయన ముందు డొప్ప తీసి, బ్రేకు కడ్డీ సరిచేసి, మళ్లీ తొడగాలి. గంట టైము. మాకు చెరొక పెట్టె అప్పగించాడు. "ఒగన్నే తీస్కపోతారు. ఇంగొగడు ఇంటికి పోవాల్సిందే" అన్నాడు. బయటికి వచ్చాక వాడే ముందు నవ్వాడు.

"నీకొచ్చినా నాకొచ్చినా ఒగటే లేప్పా. ఎవురింట్లోనైనా ఒగ పొయ్యి వెలిగితే సాలు."

వాడు ఆ మాట మనసారా అన్నాడు. నేను తల ఊపాను. లోపల మాత్రం, స్వామీ, నాకే రావాల, నాకే రావాల అనుకున్నాను.

సెలవులకు వాడు ఊరికి పోయాడు. ఎవరినో అడిగి తెచ్చుకున్న ఎద్దులతో ఉన్న నాలుగు కయ్యలూ దున్నాలన్నాడు. నేను అంతదూరం పోయిరాలేక కడపలోనే ఉండిపోయాను. ఆయుధపూజ వచ్చింది. మా ఇళ్లల్లో ఆ రోజు మగ్గాన్ని తుడిచి, ప్రతి కీలుకూ నూనె పెట్టి, పసుపు కుంకుమ పెట్టి మొక్కుకుంటాం. పనిముట్టును పొడిగా ఉంచి పూజ చేస్తే ఏడాదంతా చెయ్యి ఆడదని మా అవ్వ అనేది. మేస్త్రీ ఊళ్లో లేడు, మిషన్ నూనె బీరువాలో ఉంది, బీరువాకు తాళం ఉంది. బడికి కావలి ఉండే ముసలాయన మాత్రం, "పూజే గదప్పా, చేసుకో" అని గది తెరిచాడు.

నా దగ్గర అమ్మ పంపిన కుసుమనూనె బుడ్డి ఉంది. మా వైపు నల్లరేగడిలో కుసుమలే పండుతాయి. కూరకూ అదే, దీపానికీ అదే, మగ్గానికీ అదే. కోడి ఈకతో నా పెట్టెకూ వాడి పెట్టెకూ నూనె పెట్టాను. చక్రాలకు, కడ్డీలకు, కొక్కేల సందుల్లో చుక్కచుక్కగా. ఊళ్లో లేడు గదా పాపం అని వాడి పెట్టెకు ఒక చుక్క ఎక్కువే పెట్టాను. ఆ రోజు నా మనసులో కల్మషం లేదు. ఆ ఒక్కటీ ఒట్టేసి చెప్పగలను. రెంటికీ కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టి, గుడ్డ కప్పి వచ్చాను.

రోజూ ఆడే మగ్గంలో కుసుమనూనె ఆరదు. రోజూ తుడుస్తాం, రోజూ కొత్తది పెడతాం. కదలకుండా పది పన్నెండు రోజులు వదిలేస్తే మాత్రం అది బంక అవుతుంది, బంక తోలు కడుతుంది, ఇక సందులో ఉన్నదాన్ని ఉన్నట్టు పట్టేస్తుంది. నేతింట్లో పుట్టి కూడా నాకు ఈ సంగతి తట్టలేదు. ఆగిపోయిన మగ్గాన్ని చూడకముందే నేను ఇల్లు వదిలి వచ్చాను.

ఆఫీసరు వచ్చాడు. గడియారం తీసి బల్ల మీద పెట్టుకున్నాడు. పక్కపక్కన రెండు బల్లలు, ఒకదాని ముందు నేను, ఒకదాని ముందు వాడు. ఒకరితో ఒకరు మాట్లాడకూడదన్నాడు. మొదలుపెట్టమన్నాడు.

పోస్టుకార్డు ముక్క లోపలికి పోలేదు. మడతపడింది. ఇంకో మూల చూశాను, అక్కడా అంతే. నాలుగు మూలలూ చూశాను. గోడ గడియారం లేని గదిలో ఆఫీసరు చేతిగడియారం చప్పుడు నా చెవిలోనే కొట్టుకుంటున్నట్టుంది. వాడివైపు చూశాను. వాడి చేతిలోని కార్డు కూడా మడతపడి ఉంది. వాడు దాన్ని విప్పి, నిమిరి, మళ్లీ జొనిపి చూస్తున్నాడు.

గోటితో అంచు గీరాను. పసుపుపచ్చని బంక సాగుతూ వచ్చింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. మా ఇంటి వాసన. అయ్యో, నా చేతులు విరిగిపోను! ఇద్దరి నోట్లోనూ నేనే మన్ను కొట్టానే అనుకున్నాను.

అప్పుడు మా అమ్మ గుర్తొచ్చింది. దీపం కుందెకు కుసుమనూనె గట్టిపడితే కాసేపు ఎండలో పెట్టి, కిరసనాయిలు గుడ్డతో తుడిచేది. గది మూలలో చేతులు తుడుచుకునేందుకు కిరసనాయిలు డబ్బా, పీచు ఉండనే ఉన్నాయి. లేచి వెళ్లి, చేతులు తుడుచుకుంటున్నట్టు నటిస్తూ పీచు తడిపి తెచ్చుకున్నాను. "వెలుతురు చాలలేదు సార్" అని అడిగి, పెట్టెను కిటికీ కింది బండ మీద ఎండలో పెట్టుకున్నాను. అంచుల వెంట పీచుతో అద్దాను. ఆగాను. మళ్లీ అద్దాను.

వాడు తలెత్తి నావైపు చూశాడు. ఏమప్పా ఇది, ఎప్పుడూ ఇట్ల కాలేదే అని కళ్లతోనే అడిగాడు. ఒక్క మాట చాలు. మాట కూడా అక్కర్లేదు. తడిపిన పీచును వాడి కంటపడేట్టు బల్ల మీద పెడితే చాలు, వాడు ఇట్టే పట్టేసేవాడు. నేనేం చేశానో తెలుసా? పీచును గుప్పిట్లో దాచుకుని, నాకూ ఏమీ తెలియనట్టు పెదవి విరిచాను.

మాట్లాడొద్దన్నారు గదా అనుకున్నాను. నాయన గంజి వరసలో నిలబడ్డాడు గదా అనుకున్నాను. ఒక్కడికే గదా ఇచ్చేది అనుకున్నాను. ఆ పావుగంటలో ఎన్ని గదాలు చెప్పుకున్నానో లెక్కలేదు. దొంగకు తేలు కుట్టినట్టు లోపల మంట పుడుతూనే ఉంది, నోరు మాత్రం పెగల్లేదు. మళ్లీ వాడివైపు చూడలేదు.

ఆఫీసరు గడియారం చూసి, ఇంకా పది నిమిషాలే అన్నాడు. వాడు మరలు తిప్పే పనిముట్టు తీసుకున్న చప్పుడు వినిపించింది. ఇనుమును డొప్పకు తాకించడమంటేనే వాడికి గిట్టేది కాదు. నేను ఎప్పుడైనా తాకిస్తే నా చెయ్యి మీద కొట్టేవాడు. ఇప్పుడు వాడే దాన్ని అంచులో పెట్టాడు. వద్దురా అని అరవాలనిపించింది. అరవలేదు. టప్పుమని చప్పుడయింది. మూల అతుకు విడిపోయి, రేకు కిటికీ దాకా చీలింది.

మేస్త్రీ పరుగున వచ్చాడు. "థూ! సేద్దెగాని బుద్ధి పోనిచ్చుకోకపోతివి గదరా! ఎద్దు తోక మెలేసినట్టు మెలేస్తివి!"

వాడు రెండు చేతులూ వెల్లకిలా తిప్పి, అవి ఎవరివో అన్నట్టు చూసుకున్నాడు. ఆ క్షణంలోనే నా వేళ్లకింద కార్డు ముక్క సందులోకి దిగింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అరచేతుల మధ్య పట్టుకుని, వాడు నేర్పినట్టే, బెదరకుండా, ఆగకుండా లేపాను. డొప్ప చప్పుడు లేకుండా వచ్చేసింది. కడ్డీ సరిచేసి మళ్లీ తొడిగాను. "చూసినారా సార్, నేసేటోళ్ల చెయ్యి" అని మేస్త్రీ మురిసిపోయాడు.

నౌకరీ నాదయింది. ప్రయాణం రోజున నా రేకుపెట్టెను స్టేషను దాకా వాడే నెత్తిన పెట్టుకుని మోశాడు. వద్దంటే వినలేదు. రైలు కోసం నిలబడ్డప్పుడు నెమ్మదిగా అన్నాడు:

"నీకొచ్చింది, శానా సంతోసం. నాకే ఏమయిందో తెలీల్యా. పండగప్పుడు మడక దున్నితి గదా, ఆ పది దినాల్లోనే చెయ్యి మొద్దుబారిపోయినట్టుండాది. మేస్త్రీ చెప్పిందే నిజమప్పా."

"అది కాదు..." అన్నాను.

"ఏంది?"

రైలు వచ్చి నిలిచింది. "ఏం లే" అని ఎక్కేశాను.

మా నాయన గంజి వరసలోనుంచి ఇంటికొచ్చాడు. నాకు మాత్రం అన్నం ముద్ద దిగేది కాదు. రెండేళ్లు ఎలాగో గడిపి, ఇక తట్టుకోలేక సెలవు పెట్టి వాడి కోసం వెతుక్కుంటూ వచ్చాను. కమలాపురం అవతల బండల గనిలో పనిచేస్తున్నాడని తెలిసింది. తిట్టనీ, కొట్టనీ, ఈసారి చెప్పే తీరాలనుకున్నాను. నన్ను చూసి వాడు సమ్మెట పారేసి పరుగెత్తి వచ్చాడు. ఇంటికి తీసుకుపోయాడు. పెండ్లి అయిందట, భార్య నిండు గర్భిణి. జొన్నరొట్టెలు చేసి పెట్టింది.

తిన్నాక చెప్పడానికి గొంతు సవరించుకున్నాను. అంతలో ఆమె ఒక తాళంకప్ప తెచ్చింది. పొద్దున్నుంచి చెవి తిరగడం లేదట. వాడికి ఇయ్యబోతే, నిప్పు కణికను చూసినట్టు వాడు చేతులు వెనక్కి లాక్కున్నాడు.

"నాకియ్యొద్దు. నేను ముట్టుకుంటే పగుల్తాది. అన్నకియ్యి, ఆ చేతుల్లో లచ్చిమి ఉండాది."

"అంతే అన్నా ఈయన. ఇంట్లో చిన్న వస్తువుగూడా ముట్టుకోడు. బండలు పగలగొట్టే చేతులంటాడు" అని ఆమె నవ్వింది.

వాడూ నవ్వాడు. ఆ నవ్వులో నా మీద కోపం వెతికాను. ఒక్క రవ్వ ఉన్నా చెప్పగలిగేవాణ్ణేమో. నేను నౌకరీ ఒక్కటే లాక్కున్నాననుకుని వచ్చాను. వాడి చేతుల్ని వాడికి కాకుండా చేశానని అప్పుడు తెలిసింది. తాళం తీసుకుని, చెవి అటూ ఇటూ ఆడించి, తెరిచి ఆమె చేతిలో పెట్టాను. వాడు దగ్గరికి జరిగి కూర్చుని, భార్య వినకుండా గొంతు తగ్గించాడు.

"పుట్టేది మగపిల్లోడైతే నీ దగ్గరికి పంపిస్తానప్పా. పని నేర్పు. వానికి నా చేతులు రాకుండా ఉంటే సాలు, రోజూ దేవునికి అదే మొక్కుకుంటాండా."

నేను సరేనన్నాను.