బసవయ్యగారి చీమా సీతాకోకచిలుకా

బసవయ్యగారికి ఒకటే జబ్బు. ఏ గొడవ విన్నా, ఎవరిని చూసినా, గడ్డిలో తిరిగే నల్లచీమనూ నీలి సీతాకోకచిలుకనూ పక్కపక్కన పెట్టి పోల్చందే నిద్రపట్టదు.

విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర అందరూ అపార్టుమెంట్లు లేపుతుంటే, ఆయన మాత్రం తన ఖాళీ స్థలంలో గడ్డి పెంచారు. సాయంత్రమైతే తువ్వాలు పరుచుకుని, చీమల్ని చూస్తూ అందులో బోర్లా పడుకునేవారు. కళ్ళు తిరిగి పడిపోయారేమోనని దారినపోయేవాళ్ళు మొహాన నీళ్ళు కొట్టేవాళ్ళు. "ఇంతటి మేధావి ఎందరికి దొరుకుతాడు!" అని భార్య వెంకటరత్నమ్మ కందిపప్పులో రాళ్ళేరుతూ మురిసిపోయేది.

కరెంటు పోతే, "చీమకి ఇల్లుంది, కరెంటక్కర్లేదు. సీతాకోకచిలుకకి ఇల్లే అక్కర్లేదు," అనేవారు.

"మనకి ఫ్యాను కావాలండీ," అనేది ఆవిడ.

పెళ్ళికెళ్తే, "చీమ వరసలో నడుస్తుంది. సీతాకోకచిలుక ప్రతిదాని మీదా ఓసారి వాలి పోతుంది. బఫే కనిపెట్టింది అదే," అనేవారు. ఆ తర్వాత ఆ ఇంటివాళ్ళు మళ్ళీ పిలిచేవాళ్ళు కాదు.

ఆయన ఇంట్లోనే వీధివైపు గదిలో నాసిర్, సాలేహా అద్దెకుండేవాళ్ళు. మొగుడూపెళ్ళాలిద్దరూ టైలర్లే. అతను పొద్దస్తమానం స్కూలు యూనిఫారాలు కుట్టేవాడు. ఆమె జాకెట్ల మీద నెమళ్ళు కుట్టేది. ఓ రోజు నాసిర్ నోరుజారాడు. "నీ నెమలి తోక పూర్తయ్యేలోపు క్లాసంతటికీ నిక్కర్లు కుట్టేయొచ్చు."

అంతే. సాలేహా తన మిషన్ ఆటో ఎక్కించింది. "గుడివాడ పోతన్నా, మా అమ్మ దగ్గరికి. ఇంక రాను."

"పో," అన్నాడు నాసిర్ కత్తెర ఆడిస్తూ. గుడ్డ మాత్రం తెగడంలేదు. చూపంతా ఆటో చక్రాల మీదే ఉంది.

వెంకటరత్నమ్మ మొగుణ్ణి లాక్కొచ్చింది. "పచ్చని కాపురమండీ. ఓ నాలుగు మంచిమాటలు చెప్పండి."

బసవయ్యగారు గొంతు సవరించుకున్నారు. చీమ రాబోతోందని ఆవిడకి అర్థమైపోయింది.

"అమ్మా సాలేహా, నీలి సీతాకోకచిలుక ముందు గొంగళిపురుగు కదా. దాని వీపు మీద తీపి ఊరుద్ది. ఆ తీపి కోసం చీమలు కాపలా కాస్తయ్. నువ్వు పురుగువి, మీ ఆయన చీమ. అంతే తేడా."

"మా ఆవిణ్ణి పురుగంటారేంటండీ!" కత్తెరతో సహా లేచాడు నాసిర్. "దాని చేతిపని ఏనాడన్నా చూశారా? నెమలి కన్ను మనల్నే చూస్తున్నట్టుంటది!"

"మా ఆయన చీమా?" సాలేహా ఆటో దిగింది. "రంజానుకి ఊరందరికీ కుట్టి, తన చొక్కా మర్చిపోయే మనిషండీ ఆయన!"

"పోనీ, చీమే గొప్పదనుకుందాం. పురుగు తిని పడుకుంటది కాబట్టి..."

"ఇంక చాలు బాబాయిగారూ!" ఇద్దరూ ఒక్కసారే అరిచారు. మిషన్‌కి అతనో పక్క, ఆమె ఓ పక్క పట్టి లోపలికి మోసుకుపోయి, ధడాలున తలుపేసుకున్నారు. బేరం పోయిందని ఆటోవాడు కూడా ఆయన్నే తిట్టి వెళ్ళాడు.

"ఎందుకండీ ఈ మాటలు పడటం?" అంది వెంకటరత్నమ్మ.

"మంచిమాటలు చెబితే చెరోపక్కకి లాక్కుపోయేవాళ్ళే. ఇప్పుడు విను, ఇద్దరూ కలిసి నన్ను ఎంత చక్కగా తిడతన్నారో."

తలుపు వెనక తిట్లతో పాటు నవ్వులూ వినబడ్డాయి. గన్నవరంలో తన అన్నదమ్ములు ఈయన చీమ పోలిక విన్నాక పొలంగట్టు తగువు మానేసి, ఈయన్ని తిట్టుకుంటూ ఒకే పంక్తిలో భోంచేసిన రోజు వెంకటరత్నమ్మకి గుర్తొచ్చింది.

"మీరు మామూలు పురుగు కాదండీ," అని కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది.