మూత పెట్టని డ్రమ్ము

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ ఉండేది కాదు. తొమ్మిదో తరగతి సగంలో బడి మానేసినవాడికి దక్కే సుఖం అదే. నీకు ఫలానాది తెలియదని చెప్పడానికి ఎదురుగా పంతులు ఉండడు. (ఆ రోజులంటే మరీ పాతవేమీ కావు, జేబులో ఫోను ఉన్న రోజులే.) మానుకోటలో, అంటే బోర్డుల మీద మహబూబాబాద్ అని రాసి ఉండే ఊళ్లో, రైల్వే స్టేషన్ దగ్గరి టిఫిన్ హోటల్లో చట్నీలు రుబ్బేవాణ్ణి. చెత్త బండి పొద్దున్నే పాట పెట్టుకుని వీధిలోకి వచ్చేది. తడి చెత్త వేరు, పొడి చెత్త వేరు, తడి చెత్తతో ఇంట్లోనే ఎరువు చేసుకోవచ్చు అని ఆ బండితో వచ్చే అక్క ఇంటింటికీ చెప్పేది. ఎవరూ వినలేదు. నేను విన్నాను. అక్కడే మా ఇంటికి శని పట్టింది.

ఫోనులో ఎరువు చేసే వీడియో చూశాను. సగమే చూశాను. మిగతా సగం నాకు తెలుసనుకున్నాను. (బడి విషయంలోనూ అంతే కదా.) పక్కింటి చాచా పాత ఫ్యాన్లు బాగుచేసేవాడు. ఆయన దగ్గర ఊరికే పడి ఉన్న ప్లాస్టిక్ డ్రమ్ము అడిగి తెచ్చి, కాల్చిన చువ్వతో చుట్టూ చిల్లులు పొడిచి వాకిట్లో ఒక మూలన నిలబెట్టాను. ఉల్లి పొట్టు, బీరకాయ తొక్కు, హోటల్లో మిగిలిన సాంబారు, పాచిపోయిన ఇడ్లీ పిండి, ఆదివారం ఎముకలు, చేపల పొలుసు, ఏది కనబడితే అది అందులో వేశాను. ఎండుటాకులు వేయాలన్న ముక్క, ఎముకలు వేయకూడదన్న ముక్క వీడియో రెండో సగంలో ఉన్నాయని తర్వాత తెలిసింది. గాలి తగలాలన్న మాట మాత్రం మొదటి సగంలోనే ఉంది. అందుకని మూత తీసి గోడకు ఆనించాను.

వారం తిరగకముందే వీధికి వాసన తెలిసింది, కాకులకు కబురు అందింది. మా బాపు మార్కెట్ యార్డులో హమాలీ. గూడూరు దిక్కు ఊళ్లో ఉన్న కాస్త భూమి పోయాక మూటలు మోసి మమ్మల్ని సాకినవాడు. మిరప ఘాటుకో ఏమో, ఎప్పుడూ దగ్గేవాడు. పని నుంచి వచ్చి, ముక్కుకు తువ్వాల అడ్డం పెట్టుకుని డ్రమ్ము ముందు నిలబడ్డాడు.

"ఏందిర గిది?"

"ఎరువు, బాపూ."

"ఊర్ల పెంటకుప్ప ఇడిసిపెట్టి గీడిదాక వచ్చిన. నువ్వు దాన్ని ఎతుక్కొచ్చి ఇంట్ల పెట్టినవా? మూతన్న పెట్టురా, కంపుకు బువ్వ తినబుద్దైతలేదు."

"మూత పెడితే అది ఊపిరాడక సస్తది, బాపూ."

"అయితే మమ్ములనే సావుమను!"

ఆయన పెట్టిన మూత నేను తీయడం, నేను తీసిన మూత ఆయన పెట్టడం, ఇదే మా ఇద్దరి సంసారమైంది. తండ్రీకొడుకులం అంతకుముందు ఎన్నడూ అన్ని మాటలు మాట్లాడుకోలేదు. అమ్మ మధ్యలో నిలబడి "మీ ఇద్దరినీ అండ్లనే ఏస్త" అనేది.

ఆ చలికాలం బాపు దగ్గు ముదిరింది. ఒక పొద్దున ఊపిరి అందక ముఖం నల్లబడింది. చాచా ఆటో పిలుచుకొచ్చాడు. దవాఖానకు పోవడానికి ఎక్కించి కూర్చోబెడుతుంటే, బాపు ఆయాసపడుతూనే వాకిట్లోకి చూశాడు. "మూత పెట్టినవార?" అన్నాడు. నాకు జోకు ఆగదు కదా. "నువ్వొచ్చినంక నువ్వే పెడుదువు తియ్యి" అన్నాను. ఆయన నవ్వబోయి దగ్గాడు.

ఆయన రాలేదు. మేమే తీసుకొచ్చాం.

మూడో రోజు పిట్టకు పెట్టారు. పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి, ఇస్తారిలో, అంటే విస్తరాకులో పెట్టి, ఆరుబయట ఉంచుతారు. కాకి వచ్చి ముట్టిందంటే పోయినాయన తృప్తిగా పోయినట్టు. ముట్టలేదంటే ఏదో కోరిక మిగిలిపోయినట్టు. బాపు అక్క, మా అత్తమ్మ, ఊరి నుంచి వచ్చి తెల్లారేసరికి బోటి కూర వండింది. అన్నం, బోటి, కల్లు, ఒక బీడీ, అన్నీ సర్ది ఇస్తారిని మెట్ల గోడ మీద పెట్టి అందరం దూరంగా నిలబడ్డాం. పిట్ట ముట్టేదాకా మంచినీళ్లు కూడా ముట్టనని అమ్మ గోడకు చేరగిలబడింది. ఏడ్చి ఏడ్చి పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

కాకులకు కొదవ లేదు. వాడలోని కాకులన్నీ మా వాకిట్లోనే ఉన్నాయి, డ్రమ్ము మీద. మూత లేని డ్రమ్ములో తలలు దూర్చి చేప ముళ్లు లాగుతున్నాయి. ఇస్తారి వైపు ఒక్కటీ చూడలేదు. పెళ్లి భోజనంలో మునిగినవాణ్ణి టిఫిన్‌కు పిలిచినట్టుంది మా పరిస్థితి.

"తమ్మీ, నీకిష్టమని బోటి వండిన. ఉప్పెక్కువైందారా?" అని అత్తమ్మ కొంగు నోటికి పెట్టుకుంది. కాకులు రాలేదు. "నీ కొడుకు పెండ్లి నేను జేస్త, రంది పడకు" అంది. (నన్నెవరూ అడగలేదు.) రాలేదు. మా చిన్నాయిన ముందుకొచ్చి దండం పెట్టి, "అన్నా, ఇయ్యాల్టి సంది తాగుడు బందు" అన్నాడు. ఒక కాకి తలెత్తి ఆయన్ను ఒకసారి చూసి మళ్లీ తల దూర్చింది.

ఎండ గోడ దిగి వాకిట్లోకి వచ్చింది. అమ్మ కళ్లు మూసుకుపోతున్నాయి. అత్తమ్మ నీళ్ల గ్లాసు నోటి దగ్గర పెడితే తల తిప్పేసింది. "ఆయన అలిగిండు. దాని మీదనే కూసున్నడు సూడున్రి" అంది డ్రమ్మును చూపిస్తూ. అందరూ నా వైపు తిరిగారు.

"పారేస్తనని చెప్పురా నోటితోని!" అంది అత్తమ్మ.

"పారేస్త బాపూ" అన్నాను. కాకులు వినలేదు.

అప్పుడు గోడ అవతలి నుంచి చాచా మెల్లగా అన్నాడు. "బేటా, మా దిక్కు గీ రివాజు లేదు. నాకు తెల్వక అడుగుత. పిట్టలు ఆడుంటే ఇస్తారి గీడెందుకు పెట్టిన్రు?"

నేను వెళ్లి గోడకు ఆనించి ఉన్న మూత తీసుకున్నాను. కాకులు ఎగిరి తీగల మీద వాలి నన్ను నోటికొచ్చినట్టు తిట్టాయి. డ్రమ్ముకు మూత పెట్టి, రెండు చేతులతో గట్టిగా నొక్కాను. ఇస్తారి తెచ్చి దాని మీద ఉంచి వెనక్కి జరిగాను. తువ్వాల ఎగరేసేంత సేపు కూడా పట్టలేదు. ఒక ముసలి కాకి దిగింది, మూత మీద అటూ ఇటూ నడిచింది, బోటి ముక్క నోట కరుచుకుంది.

"గదే!" అంది అమ్మ లేచి నిలబడి. "మూత పెట్టుమన్నడు. పెట్టినంక ముట్టిండు." గ్లాసు తీసుకుని గటగటా నీళ్లు తాగింది. తాగి, అప్పుడు మళ్లీ ఏడ్చింది.

నాకు అసలు సంగతి తెలుసు. కింది సరుకు మూతబడితే ఏ కాకైనా పైన ఉన్నదే తింటుంది. ఆ ముక్క పైకి అనబోయి అమ్మ ముఖం చూసి ఆగిపోయాను. నోట్లోంచి రాబోయిన మాటను వెనక్కి మింగడం నాకు అదే మొదటిసారి.

మర్నాడు డ్రమ్మును చెత్త బండికి ఎత్తబోతే అమ్మ అడ్డం నిలబడింది. "పారెయ్యమన్నడా ఆయన? మూత పెట్టమన్నడు, గంతే." అట్లా అది ఉండిపోయింది. తర్వాత వీడియో రెండో సగం కూడా చూశాను. ఎముకలు మానేశాను, ఎండుటాకులు కలిపాను. ఇప్పుడు నల్లగా, పొడిపొడిగా, వాన పడ్డ చేనులా వాసనొచ్చే ఎరువు వస్తుంది. అమ్మ దాన్ని బీర పాదుకు వేస్తుంది, ఆ బీర తొక్కు మళ్లీ తెచ్చి డ్రమ్ములో వేసేటప్పుడు "జర జరుగు" అంటుంది. ఎవరితో అంటుందో నేను అడగను.

ఆ ఇరవై ఏళ్ల పోరగాడు గుర్తొస్తే నవ్వొస్తుంది. ప్రతి మాటకూ వాడి దగ్గర ఒక జవాబు ఉండేది, ప్రతి జవాబుకూ ఒక తోక ఉండేది. ఇప్పుడు డ్రమ్ములో కంపు లేదు, కాకులు లేవు, నిజానికి మూతతో పనే లేదు. అయినా హోటల్ నుంచి రాగానే వాకిట్లోకి వెళ్లి, మూత గట్టిగా నొక్కి, ఎవరూ వినకుండా చెబుతాను.

"పెట్టిన, బాపూ."