అడగకుండా తెచ్చుకున్న గొడుగు మావయ్య

ఆ రోజుల్లో నర్సీపట్నంలో నా అద్దె గదిలో ఉన్నవి ఇవి: నేను, ఒక మడత మంచం, ఒక ప్లాస్టిక్ కుర్చీ, చిన్న కుక్కరు, ఇంటి ఓనరు గారు వదిలేసిన పాత క్యాలెండరు, ఫోను. మనుషుల వరకే లెక్క వేస్తే జాబితా మొదటిదాంతోనే అయిపోతుంది. కెమిస్ట్రీ చదివి, ఒక చిన్న నీటి పరీక్షల ల్యాబ్‌లో కొత్తగా చేరాను. కొయ్యూరు నుంచీ గొలుగొండ నుంచీ అక్కడికి సీసాలు వచ్చేవి గాని మనుషులు వచ్చేవారు కాదు. సీసాలు తెచ్చే ఆటో అతను మాత్రం గుమ్మంలో నిలబడి, "సంతకం బేగి ఎట్టండి బాబూ, బండి రోడ్డుకడ్డంగా ఆపేను" అనేవాడు. రోజంతటికీ నాతో ఎవరైనా అన్న మాట అదొక్కటే. (అందుకని పొట్టి సంతకం మానేసి, ఇంటిపేరుతో సహా పూర్తిగా పెట్టడం మొదలుపెట్టాను. అప్పుడు "ఇంకా అవనేదా?" అని ఇంకో మాట దొరికేది.)

మిగతా మాటలన్నీ ఫోనులోనే. ఒక టీవీ సీరియల్ అర్ధంతరంగా ఆగిపోయింది. అది చూసినవాళ్ళు కొందరు గ్రూపు పెట్టుకుని, ఆ సీరియల్లో మనుషులతోనే సొంతంగా కథలు రాసుకునేవారు. నేనూ చేరాను. సీరియల్లో ఉన్న మనుషులు అందరి సొత్తు, ఎవరైనా రాయొచ్చు. కానీ ఒకరు కొత్తగా కల్పించిన మనిషిని ఇంకొకరు వాడుకోవాలంటే మాత్రం ముందు అడగాలి. పక్కింట్లో పెరుగు తోడు అడిగినంత తేలిగ్గా, "అక్కా, తీసుకోనా?" అంటే చాలు. వాళ్ళు "తీసుకో" అంటారు. మనం కథ మొదట్లో వాళ్ళ పేరు వేస్తాం. ఇంతే మర్యాద. ఇంత సులువైన పనిని పాడు చెయ్యాలంటే బాగా చదువుకుని ఉండాలి.

గొలుగొండ వైపు నుంచి రాసే ఒకావిణ్ణి గ్రూపులో అందరూ జీడిపిక్కల అక్క అనేవారు. (ఆవిడ ఫోటో ఉండాల్సిన చోట ఎండబోసిన జీడిపిక్కలు ఉండేవి.) ఆవిడ కల్పించిన మనిషి గొడుగు మావయ్య. ఊళ్ళోవాళ్ళ గొడుగులన్నీ బాగుచేస్తాడు, ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడడు. నాకు ఆయన కావలసి వచ్చాడు. ఒక్క వాక్యంతో అడగడం నాకు చేతకాలేదు. "విషయం: పాత్ర వినియోగమునకు అనుమతి కోరుట" అని మొదలుపెట్టి ఎనిమిది షరతులతో ఉత్తరం పంపాను. నాలుగోది, మావయ్యకు పెళ్ళి చెయ్యను. ఐదోది, తీసుకున్న స్థితిలోనే తిరిగి అప్పగిస్తాను. ఎనిమిదోది, తొమ్మిది రోజుల్లో జవాబు రాకపోతే అనుమతి లభించినట్టే భావించబడును.

జవాబు రాలేదు. పదో రోజు పొద్దున్నే, ఆ ఉత్తరం నకలు మొదట్లో జతచేసి, గ్రూపులో కథ పెట్టేశాను. అందులో ఒక కుర్రాడు గదిలో ఒంటరిగా ఉంటాడు. మావయ్య వచ్చి కుర్చీలో కూర్చుని మాట్లాడటం మొదలుపెడతాడు. పదకొండు పేజీలు మాట్లాడతాడు.

గ్రూపు పెద్ద పాయకరావుపేటలో లెక్కలు చెప్పే మాస్టారు. మధ్యాహ్నానికల్లా ఆయన రాశారు: "ఏటి నాయనా ఇది? గుమ్మానికి నోటీసంటించి, ఇంటోవోళ్ళు పలక్కపోతే బిందె ఎత్తుకుపోతావా?" ఆ కింద ఇంకెవరో, "మన కథల్లో వంటమనుషుల్ని కూడా లోపలెట్టి తాళాలేసుకోండర్రా" అన్నారు. పద్దెనిమిది నవ్వు బొమ్మలు పడ్డాయి. ఆఖర్న మాస్టారే, "ఆదివారంలోగా అక్కతో తేల్చుకో. లేపోతే నిన్ను గ్రూపులోంచి తీసెయ్యక తప్పదు" అన్నారు. తీసేస్తే నాకు మిగిలేది ఆటో అతని మాటే. అక్కకి క్షమాపణ రాసి, నా నంబరిచ్చి కూర్చున్నాను. (ఈసారి షరతులు లేవు.)

ఆదివారం మధ్యాహ్నం ఫోను మోగింది.

"అలో, షరతుల బాబేనా?"

"అవునండీ."

"జీడితోటలో పిక్కలేరుకునే రోజులు, ఫోను ముట్టనేదు. నీ ఉత్తరం మా ఆయన సూసి కోర్టు కాయితమనుకుని బయపడిపోయేరు."

"క్షమించండి. అడిగితే సరిపోతుందని నాకు తట్టలేదు."

"అది సరే. మావయ్య సేత మాట్లాడించావేటి?"

నా జవాబు కోసం ఆగకుండా ఆవిడే అన్నారు: "ఆయన మా నాయన బాబూ. పేరు మార్సేను, పని మార్సేను. మాటలు మాత్రం మార్సనేదు, ఆయనకి నేవు కాబట్టి. నువ్వు రాసింది సదివితే ఎవులో ముక్కూ మొకం తెలీని మనిషి మా నాయన సొక్కా ఏసుకుని తిరిగినట్టుంది."

"తీసెయ్యమంటే తీసేస్తానండీ."

"తీసెయ్యి మరి."

(వద్దులే అంటారేమోనని ఆశపడ్డాను. అనలేదు.)

"ఒకటడుగుతాను, ఏటనుకోకు. నీతో మాట్లాడీవోళ్ళెవులూ నేరా అక్కడ?"

"ఆటో అతను ఉన్నాడండీ" అన్నాను.

ఆవిడ గొంతు తగ్గించి, "మావయ్యని మాత్రం ఇవ్వను. మాట్లాడీ మనిషి కావాలంటే నువ్వే పుట్టించుకో. మా మూగోణ్ణి అల్లరెట్టకు" అన్నారు. అన్నం తిన్నావా అని కూడా అడిగారు. తిన్నానని అబద్ధం చెప్పాను.

కథ తీసేశాను. గ్రూపులో అందరికీ క్షమాపణ చెప్పాను. మాస్టారు నన్ను ఉండనిచ్చారు. ఆ వారమే సొంతంగా ఒక టికెట్ల అత్తయ్యను కల్పించాను. బస్సులో టికెట్లు కొడుతూ, ఎక్కినవాళ్ళందరితో దిగేదాకా మాట్లాడుతూనే ఉంటుంది. ఆవిడకిప్పుడు ఐదేళ్ళు. ఉద్యోగం మారాను, గదీ మారాను. ఆ ఎనిమిది షరతులు అప్పుడప్పుడు తీసి చదువుకుంటే, తిరిగి అప్పగిస్తానన్న ఆ కుర్రాడి నమ్మకానికి నవ్వొస్తుంది. వాడి పక్కన కూర్చుని కాసేపు మాట్లాడాలనిపిస్తుంది. ఇప్పటికీ ప్రతి కథ చివరా రాస్తుంటాను: అత్తయ్య కావలసినవాళ్ళు ఊరికే ఒక్క మాట అడగండి, ఇస్తాను.

ఇంతవరకు అడిగినవాళ్ళు సున్నా.