గ్రూపులో వేసిన చావు

ఫోను మనుషుల్ని దగ్గర చేసిందని ఎవరైనా అంటే నాకు నవ్వు కూడా రాదు, ఏవగింపు కలుగుతుంది. ఆ దగ్గరితనం ఏపాటిదో మా ఇంట్లోనే చూశాను.

సోలాపూర్ నీలం నగర్‌లో మా అమ్మ, పక్కింటి పెద్దమ్మ ముప్పై ఏళ్లు ఒకే అరుగు మీద కూర్చుని బీడీలు చుట్టారు. ఆమె కొడుకు ఊళ్లోనే అశోక్ చౌక్ దగ్గర ఇల్లు కొని పెద్దమ్మను తీసుకుపోయాక, అమ్మ పదిహేను రోజులకోసారి వెళ్లి చూసి వచ్చేది. అమ్మకు చదువు రాదు. ఫోనూ లేదు.

పోయిన ఎండాకాలం పెద్దమ్మ చనిపోయింది. కొడుకు కులపోళ్ల వాట్సాప్ గ్రూపులో ఆమె ఫొటో పెట్టి ఊరుకున్నాడు. అప్పుడు నేను కార్ఖానాలో మగ్గాల దగ్గర ఉన్నాను. జేబులో ఫోను వణికితే తీసి చూశాను. అప్పటికే నలభై మంది చేతులు జోడించిన బొమ్మలు పెట్టేశారు. సిగ్గులేని చేతులు! వాటి పక్కన నావీ పెట్టాను. ఇంతలో మగ్గం మీద నేస్తున్న టవల్‌లో పోగు తెగింది. ముడి వేసేసరికి ఆ చావు నా తలలోంచి జారిపోయింది. సాయంత్రం ఇంటికి పోయి, అమ్మ పెట్టిన రొట్టె తిని పడుకున్నాను.

నాలుగో రోజు పెద్దమ్మ కొడుకు ఫోన్ చేశాడు. "మీ అమ్మ మా ఇంటి మెట్ల మీద కూసున్నది. వచ్చి తీస్కపో."

వెళ్లాను. పెద్దమ్మకు ఇష్టమని చేసుకుపోయిన సర్వపిండి డబ్బా అమ్మ ఒళ్లోనే ఉంది.

"గ్రూపుల ఏసినం గద చిన్నమ్మా, అందరు చూసిన్రు," అంటున్నాడు వాడు, తెర మీంచి కన్నెత్తకుండా.

"నీ గ్రూపుల నేనున్ననారా? ఒక్కడు వచ్చి చెప్తె కాళ్లరుగుతయా?"

"నీ కొడుకైతే చూసిండు. గిదిగో, దండం గూడ పెట్టిండు."

అమ్మ నావైపు తిరిగింది.

"నీకెరుకేనా?"

నేను తలూపాను.

"ఎరుకుండి నా చేతి రొట్టె తిన్నవా?"

డబ్బా అక్కడే మెట్టు మీద పెట్టి లేచింది. బండెక్కమంటే ఎక్కలేదు. ఎండలో ఇంటిదాకా నడిచింది. నేను బండి తోసుకుంటూ వెనకే నడిచాను. ఆమె ఏడుస్తోందని వీపు కదలికలో తెలుస్తోంది.

తర్వాత నెలలో మా గల్లీలో మగ్గం నేసే ఒక ముసలి సాలాయన పోయాడు. గ్రూపులో మళ్లీ అవే చేతులు. నేను ఫోను పక్కన పడేసి అమ్మకు చెప్పాను. ఆమె చెప్పులేసుకుని ఇంటింటికీ బయలుదేరింది. నేనూ వెంట నడిచాను. ఒక ఇంట్లో కోడలు ఫోను గీకుతూ, "చూసినం అత్తా," అంది.

"నువ్వు చూసినవ్. మీ అత్తకు చెప్పినవా?"

అమ్మ తనే లోపలికి వెళ్లి, మంచం మీద పడుకున్న ముసలామె చెయ్యి పట్టుకుని సంగతి చెప్పింది.

ముసలామె లేచి కూర్చుంది. "అయ్యో, ఎప్పుడే?" అని అడిగి, గోడ మేకుకున్న చీర అందుకుంది.