పరదాలు తీసిన బండి

మొన్న చలికాలంలో మనవరాలు నన్ను హైదరాబాదులో పాతకార్ల ప్రదర్శనకు తీసుకెళ్ళింది. మైదానం నిండా రంగురంగుల బండ్లు. ఒక వరుస చివర పొడవాటి నల్ల కారు నిలబడి ఉంది. దాని ముందుభాగం వెండి స్తంభాలు నిలిపిన గుడి ముఖద్వారంలా ఉంది. నెత్తిన చేతులు వెనక్కి రెక్కల్లా చాచి ముందుకు వంగిన చిన్న ఆడబొమ్మ. యజమాని మర్యాదగా తలుపు తీసి పట్టుకున్నాడు. లోపలినుంచి వాసన వచ్చింది. పాత తోలు, చెక్కకు పూసిన మెరుగు, వాటి అడుగున సన్నగా పెట్రోలు. నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. "అమ్మమ్మా, కళ్ళు తిరుగుతున్నాయా?" అని మనవరాలు చెయ్యి పట్టుకుంది. లేదన్నాను. అది మా దొరసాని బండి కాదు, దాని అక్కో చెల్లెలో. కానీ ఆ వాసన మాత్రం అదే.

ఆమెకు మంచి పేరే ఉండి ఉంటుంది. మా ఊళ్ళో ఎవరికీ తెలియదు. దొర భార్య కనుక దొరసాని. నేనూ చివరిదాకా అలాగే పిలిచాను.

మా ఊరు కరీంనగరు నుంచి సిరిసిల్ల వెళ్ళే తోవలో ఉంది. బాపు, అంటే మా నాన్న, మగ్గం నేసేవాడు. నిజాం రాజ్యం ఉన్నన్నాళ్ళూ మాకు దొర కారంటే భయం. మిగతా మోటార్లయితే దూరంనుంచే గడగడమని చెప్పి వచ్చేవి. దానికి చప్పుడుండేది కాదు. ముందు దుమ్ము కనబడేది, మరుక్షణం అది పక్కనే ఉండేది. పెద్దలూ పిల్లలూ తోవ దిగి, చెప్పులు చేతబట్టుకుని తల వంచి నిలబడేవాళ్ళం. అందుకే ఎన్నిసార్లు ఎదురైనా చిన్నతనంలో నేను ఆ కారును సరిగా చూడనేలేదు. నా పాదాలనే చూసుకున్నాను.

ఒకసారి మల్లయ్య అనే రైతు బండి ఎదురొచ్చింది. ఎద్దులు బెదిరి తోవ దిగలేదు. కారు ఆగింది. దొర దిగి మల్లయ్యను అక్కడే వంగబెట్టించి వీపు మీద బండ పెట్టించాడు. ఎండ నడినెత్తికి వచ్చేదాకా అలాగే ఉంచాడు. అప్పటినుంచి మల్లయ్య నడుము మళ్ళీ నిటారుగా నిలవలేదు. ఆ రోజు కారు కిటికీలకు ఎప్పటిలాగే ఆకుపచ్చ పట్టు పరదాలు వేసి ఉన్నాయి. వెనక సీట్లో దొరసాని ఉందని, పరదా కదిలితే తెలిసిందని చూసినవాళ్ళు చెప్పుకున్నారు.

పోలీసు చర్య జరిగాక దొరలు హైదరాబాదు వెళ్ళిపోయారు. గడీకి, అంటే దొరల కోటలాంటి ఇంటికి, తాళం పడింది. కారు కొట్టంలో దుమ్ము కొట్టుకుపోయింది. కోళ్ళు దాని సీట్ల మీద గుడ్లు పెట్టేవట. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాతి ఏడాది, దొర పోయాక, దొరసాని ఒక్కతే తిరిగి వచ్చింది. కొడుకులు పట్నంలో ఆస్తులు పంచుకుంటుంటే, తనకు గడీ, ఆ బండీ చాలునని అడిగి తెచ్చుకుందని విన్నాం. వచ్చీ రాగానే ఆమె చేసిన మొదటి పని కారు పరదాలు పీకించడం. వాటిని ఉతికించి ఊళ్ళో ఆడపిల్లలకు లంగాలు కుట్టించింది. ఆ ఏడు బతుకమ్మ ఆటలో నలుగురు చిన్నపిల్లలు ఆకుపచ్చ పట్టులో మెరిశారు.

నేను ఏడో తరగతి పాసయ్యానని తెలిసి దొరసాని కబురు పంపింది. బాపు ముఖం పాలిపోయింది. "వాకిట్లనే నిలవడు బిడ్డా. లోపటికి పోకు, ఎదురు మాట్లాడకు" అని పదిసార్లు చెప్పి పంపాడు. వెళ్ళేసరికి దొరసాని చీర కొంగు నడుముకు దోపి, చేతులకు నల్లటి నూనెతో, కారు ముందు రేకు ఎత్తి లోపలికి వంగి ఉంది. జుట్టు నెరిసింది. ముక్కు మీద మసి.

"నువ్వేనా సుగుణవు? ఆడపిల్లలకు చదువు చెప్తవా, గీ అరుగు మీద?" అంది.

"చెప్త దొరసానీ."

"మంచిది. ముందుగాల గా గుడ్డ అందియ్యి."

అలా మొదలైంది నా కొలువు. పొద్దున అరుగు మీద పిల్లలకు అక్షరాలు, సాయంత్రం ఆమెకు కారు పనిలో తోడు. దొర ఉన్నన్నాళ్ళూ ఆమె స్టీరింగును ముట్టుకున్నది లేదు. ఇప్పుడు కారుతోపాటు ఇంగ్లీషు సీమనుంచి వచ్చిన పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, కరీంనగరునుంచి మేస్త్రీని పిలిపించుకుని, గడీ ఆవరణలోనే నేర్చుకుంది. ఒక గోడ కూలింది. పశువుల తొట్టి పగిలింది. మూడోనాటికి ఊరి బజారులో నడుపుకుంటూ వచ్చింది. ఆడమనిషి కారు నడపడం మా ఊరు అంతకుముందు చూడలేదు. జనం అలవాటుగా తోవ దిగి తల వంచారు. కానీ ఈసారి చాలామంది తల వంచుకునే కళ్ళెత్తి చూశారు. నేనూ చూశాను. ఆ బండి ఎంత అందంగా ఉందో నాకు మొదటిసారి తెలిసింది.

ఒకనాడు ఆమె ఇంజను నడుస్తుండగానే ముందు రేకు మీద ఇత్తడి గిన్నె పెట్టి అంచుదాకా నీళ్ళు పోయించింది. "సూడు" అంది. నేను ముఖం దగ్గరగా పెట్టి చూశాను. నీళ్ళు అద్దంలా నిలిచి ఉన్నాయి. కింద అంత పెద్ద యంత్రం తిరుగుతోంది, పైన నా ముఖం చెదరలేదు.  మనుషులు చేసిన వస్తువులో ఇంత నెమ్మది ఉంటుందా అనుకున్నాను.

"ఎవరు చేసిన్రు దొరసానీ దీన్ని?" అని అడిగాను.

ఆమె ఆ కంపెనీ కథ చెప్పింది. సీమలో ఒక పేదపిల్లవాడు పత్రికలమ్ముకుని బతికాడట. పెద్దయ్యాక యంత్రాల పని నేర్చి ఒక కారు కొనుక్కున్నాడట. అది అతనికి నచ్చలేదు. విప్పి చూసి, ఇంతకంటే బాగా నేనే చేస్తానని చేశాడట. ఒక జమీందారు కొడుకు ఆ కారెక్కి దాని నెమ్మదికి ముగ్ధుడై, ఇకమీద నువ్వు చెయ్యి, నేను అమ్ముతాను అన్నాడట. ఇద్దరి పేర్లూ కలిపి కంపెనీకి పెట్టారట. తరువాత లోకంలోని రాజులంతా దానికోసం బారులు తీరారు.

"ఎవల పేరు ముందుగాల పెట్టిన్రు?"

దొరసాని గట్టిగా నవ్వింది. "ఇంకెవలది? జమీందారు కొడుకుదే. గక్కడ గూడ గంతే." కొంచెం ఆగి, "గని చేసినోడు పేదోడు. గది మరువకు" అంది. ఇంకో మాట కూడా చెప్పింది. ఆ కంపెనీ వాళ్ళు తమ బండి చెడిపోయిందని ఒప్పుకోరట. 'ముందుకు పోతలేదు' అనాలట. ఇద్దరం నవ్వుకున్నాం.

ఆ వేసవిలోనే నాకు నడపడం నేర్పింది. నేత పని ఇంటి పిల్లను, దొర కూర్చున్న సీట్లో కూర్చోబెట్టింది. మొదటిరోజు కాళ్ళు అందక దిండు పెట్టుకున్నాను. బాపు మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు గడీ గోడ పక్కన నిలబడి నేను నడుపుతుంటే దొంగతనంగా చూశాడని అవ్వ, అంటే మా అమ్మ, చెప్పింది.

వానాకాలం వచ్చింది. బ్యాటరీ నీరసించి, కారును ముందున్న ఇనుప హ్యాండిలు తిప్పి లేపవలసి వచ్చేది. ఒక పొద్దున హ్యాండిలు వెనక్కి తన్ని దొరసాని కుడి మణికట్టు విరిగింది. కట్టు కట్టించుకుని కూర్చుంది. ఆ వారంలోనే మల్లయ్య కోడలు పోశవ్వకు నొప్పులొచ్చాయి. భర్త బొంబాయి మిల్లులో పనికి పోయాడు. ముందురోజునుంచి బిడ్డ అడ్డం తిరిగి ఉంది. మంత్రసాని చేతులెత్తేసింది. కరీంనగరు దవాఖానకు ఎద్దుబండిలో పోతే సాయంత్రమవుతుంది. పోశవ్వ అంతసేపు ఉండదని అందరికీ తెలుసు.

వార్త వినగానే దొరసాని లేచింది. "సుగుణా, నడువు" అంది.

"నేనా? ఊరు దాటి నేను ఎన్నడు నడపలే దొరసానీ."

"నేను ఎన్కనే ఉంట. నా చెయ్యి ఇరిగింది గని నోరు ఇరగలే."

గడీ పాలేరు హ్యాండిలు తిప్పి బండి లేపితే, ఇంజను ఆపకుండానే మల్లయ్య ఇంటిముందు నిలిపాను. వాన సన్నగా పడుతోంది. లోపల పోశవ్వ మూలుగు. మల్లయ్య వంగిన నడుముతోనే గడప మీదికి వచ్చి రెండు చేతులూ తలుపుకు అడ్డం పెట్టాడు.

"గీ బండిలనా? వద్దు. నా కోడలు సచ్చినా సరే, గిండ్ల ఎక్కది."

చుట్టూ జనం.  దొరసానికి ఎదురు మాట్లాడిన మనిషిని నేను అప్పుడే చూశాను. ఆమె కారు దిగి బురదలో అతని ఎదుట నిలబడింది.

"మల్లయ్యా, ఆనాడు నేను బండిలనే ఉన్న. పరదా సందులకెల్లి అంత చూసిన. నీ వీపు మీద బండ పెడుతుంటే నా నోట్లెకెల్లి మాట రాలే. తప్పు నాది. నన్ను తిట్టు, నలుగుట్ల తిట్టు, నిలవడి వింట. గని ముందుగాల పిల్లను ఎక్కియ్యి. గా పిల్ల ఏం చేసింది?"

మల్లయ్య లోపలి మూలుగు వైపు తల తిప్పాడు. తరువాత చేతులు జారిపోయాయి. పక్కకు జరిగాడు.

పోశవ్వను వెనక సీట్లో పడుకోబెట్టారు. దొరసాని కింద కూర్చుని ఆమె తల తన ఎడమచేతిలోకి తీసుకుంది. మల్లయ్య నా పక్కన, చెప్పులు చేతబట్టుకుని, కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. కారు కదిలింది. ఊరు దాటుతుండగా వెనకనుంచి ఆమె గొంతు వినిపించింది. "చెప్పులు తొడుక్కో మల్లయ్యా." అతను తొడుక్కోలేదు. కానీ కాళ్ళు కిందికి దించాడు.

వాగు దగ్గర నీళ్ళు చక్రాల సగందాకా ఉన్నాయి. నేను బండిని నీళ్ళలోకి దింపాను. "మెల్లగ. ఆపకు. అది పోతది, నువ్వు బెదరకు" అని వెనకనుంచి ఆమె చెబుతూనే ఉంది. నడిమధ్యలో ఒక గుండ్రాయి తగిలి బండి ఊగింది. నేను బెదిరి క్లచ్ వదిలేశాను. ఇంజను ఆగిపోయింది. నీళ్ళ చప్పుడు ఒక్కసారిగా చెవుల్లో నిండింది. పోశవ్వ కేక పెట్టింది. నాకు ఏడుపు వచ్చింది.

"ఏడ్వకు. హ్యాండిలు తిప్పాలె" అంది దొరసాని.

తిప్పేదెవరు? ఆమె చెయ్యి విరిగింది. నేను సీటు వదలకూడదు.  మల్లయ్య తలుపు తీసుకుని వాగులోకి దిగాడు. నీళ్ళు మోకాళ్ళదాకా వచ్చాయి. ఆ వంగిన నడుముతో, బండికి ముందు, ఆ వెండి గుడివాకిలి ముందు నిలబడ్డాడు.

"మల్లయ్యా, బొటనేలు మీదికి పెట్టకు, నా లెక్క ఇరుగుతది. వేళ్ళన్ని ఒక్క దిక్కు పెట్టి పైకి గుంజు" అని ఆమె కిటికీలోంచి అరిచింది. గడీలో పుట్టి పెరిగిన ఆ మనిషి అంత గట్టిగా అరవడం నేనెన్నడూ వినలేదు.

మొదటిసారి తిరగలేదు. రెండోసారి అతను పళ్ళు కొరికి, భుజమంతా పెట్టి గుంజాడు. ఇంజను పట్టుకుంది. ఆ బండి లేచిందని చప్పుడుతో కాదు, నా అరికాళ్ళ కింద సన్నని వణుకుతో తెలిసింది. తడిసిన మల్లయ్య తలెత్తి అద్దంలోంచి నన్ను చూశాడు. "లేసిందా బిడ్డా?" అన్నాడు. "లేసింది పెద్దబాపూ" అన్నాను. అంత నీటిలోంచి, అంత బరువుతో ఆ బండి ఒడ్డు ఎక్కిన తీరు ఇప్పటికీ నాకు అద్భుతమే. రాజులు దానికోసం ఎందుకు బారులు తీరారో నాకు ఆ వాగులోనే అర్థమైంది.

దవాఖానలో డాక్టరమ్మ పోశవ్వను వెంటనే లోపలికి తీసుకుంది. మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా దక్కారు. బయట కారు చుట్టూ జనం మూగి, "ఎవలదయ్యా గీ బండి? నవాబుదా?" అని అడుగుతున్నారు. మల్లయ్య మెట్ల మీద కూర్చుని బట్టలు పిండుకుంటున్నాడు. కాళ్ళకు చెప్పులున్నాయి.

"మా ఊరిది" అన్నాడు.

మల్లయ్య దవాఖానలోనే ఉండిపోయాడు; తిరుగు ప్రయాణంలో దొరసాని, నేను ఇద్దరమే ఉన్నాం. నలుగురిలో అలా ఎందుకు చెప్పుకున్నారని ధైర్యం చేసి అడిగాను. ఆమె పొలాల వైపు చూస్తూ, "గీ బండికి చప్పుడు లేకపోవుడే పేరు. గడీల నాకు గూడ గదే పేరుండె. నోరు లేని దొరసాని, మంచి దొరసాని అని మెచ్చుకునేటోళ్ళు. గా మెప్పు ఇరవై ఏండ్లు తిన్న, గని నాకు అరగలే" అంది. 

ఆ తరువాత ఆ బండి ఎందరినో దవాఖానకు మోసింది. చక్రాలకు టైర్లు దొరకని రోజు వచ్చింది. దొరసానికి జబ్బు చేసి కొడుకులు పట్నం తీసుకెళ్ళారు. కారును బొంబాయినుంచి వచ్చిన ఎవరో కొనుక్కుపోయారు. ఆమె పోయినప్పుడు మల్లయ్య, నేను, బాపు హైదరాబాదు వెళ్ళాం. అంత్యక్రియలకు వచ్చిన ఖరీదైన మనుషుల మధ్య మల్లయ్య చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

దొరసాని బతికుండగా పట్టుబట్టి రాయించిన దరఖాస్తుతో నేను గ్రామసేవికనయ్యాను. ఆదిలాబాదు జిల్లా అంతా తిరిగాను. చెన్నూరు తాలూకాలో ఉండగా ఒక పెద్ద అధికారి తనిఖీకి వచ్చాడు. చావడి ముందు ఒక ముసలి గోండు స్త్రీ ఏదో విన్నవించుకోబోతే, అడ్డం వచ్చిందని కసిరి ఆమెను ఎండలో నిలబెట్టాడు. మేమంతా అతని వెనక వరుసగా కుర్చీల్లో కూర్చున్నాం. నా ఉద్యోగం అప్పటికి పక్కా కాలేదు.  నేను లేచి, "సార్, ఆమె పెద్దమనిషి. నా కుర్చీ ఇస్తాను, కూర్చోనివ్వండి" అన్నాను. అధికారి నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. నేను కుర్చీ తీసుకెళ్ళి ఆమెకు వేశాను.

ఆ రోజు గొంతు వణికింది. ఆ తరువాత అలాంటి చోట్ల ఎన్నిసార్లు లేచినా వణికింది. ఈ వయసులోనూ వణుకుతుంది. అయినా లేస్తాను.